ఇంటి దొంగ చెదపురుగు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని పెద్దల మాట. ఆ మాట చెదపురుగుకు సరిగ్గా సరిపోతుంది. పాము కనబడితే కేకలేస్తాం. ఎలుక తిరిగితే బోను పెడతాం. చెదపురుగు మాత్రం చప్పుడు చెయ్యదు, కుట్టదు, జబ్బు తేదు. గుమ్మం లోపల ఉండి గుమ్మాన్నే తింటుంది. పైన వేసిన రంగు వేసినట్టే ఉంటుంది. పండక్కి మామిడాకులు కడదామని మేకు కొడితే, ఆ మేకు అట్టలోకి దిగినట్టు లోపలికి పోతుంది. అప్పటికి గుమ్మం గుల్లయి ఉంటుంది.

2021 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా మైలవరంలో జరిగిన సంగతి చాలామంది పత్రికల్లో చదివే ఉంటారు (ఇప్పుడు ఆ ఊరు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది). ఒక చిన్న వ్యాపారి ఇల్లు కట్టుకోవాలని రూపాయి రూపాయి కూడబెట్టి, ట్రంకు పెట్టెలో దాచుకున్నాడు. తెరిచి చూసేసరికి సుమారు 5 లక్షల రూపాయల నోట్లు చెదల పాలయ్యాయి. ఇల్లు కట్టకముందే ఆ ఇంటిని చెద తినేసింది.

ఇది మనకు దూరపు కథ కాదు. మన హాస్టల్లో చదివేవాళ్ళకూ, చదివి వెళ్ళినవాళ్ళకూ ట్రంకు పెట్టె అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మన ఇళ్ళల్లో చాలావాటిలో ఇంటి పట్టా, పాసుపుస్తకం, కుల ధ్రువీకరణ పత్రం, పదో తరగతి మార్కుల మెమో అన్నీ ఒకే పెట్టెలోనో, ఒకే సంచిలోనో ఉంటాయి. ఇంట్లో మొదటిసారి పది పాసైన పిల్లవాడి మెమో ఆ ఇంటికి బంగారం కన్నా ఎక్కువ. కాలనీలో కట్టుకున్న ఆ రెండు గదుల ఇల్లు ఒక తరం మొత్తం కష్టం. చెద తినేది కర్రా కాగితమే కావచ్చు, మనకు పోయేది అంతకన్నా పెద్దది. అందుకే ఈ పురుగు సంగతి తెలుసుకోవాలి.

ఒక మంచి మాట ముందే చెబుతాను. ఈ దొంగను పట్టవచ్చు. ఇది ఎక్కడికి వెళ్ళినా తన దారిని మట్టితో కట్టుకుంటూ వెళ్తుంది. ఆ దారిని గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం పని అయినట్టే.

చెద చీమ కాదు

ఇంగ్లీషు వాళ్ళు దీన్ని తెల్ల చీమ అని పిలిచేవారు. నిజానికి చెదకు, చీమకు చుట్టరికం లేదు. చీమ కందిరీగల, తేనెటీగల వైపు పురుగు. చెద బొద్దింకల వైపుది. జన్యు పరీక్షల ఆధారంగా 2007లో శాస్త్రవేత్తలు చెదలను బొద్దింకల వర్గంలోనే చేర్చాలని తేల్చారు. చీమలు పుట్ట పెడితే పాములు చేరాయనే సామెత మనందరికీ తెలుసు. మన పొలం గట్ల మీద నిలువెత్తున లేచే పుట్టల్ని పెట్టేవి మాత్రం చీమలు కావు, చెదలే.

ప్రపంచంలో సుమారు 3,000 రకాల చెదలున్నాయి. వాటిలో ఇళ్ళకు చెరుపు చేసేవి కొన్ని పదుల రకాలే. మిగిలినవి ఎండుటాకులు, పుల్లలు, దుబ్బులు తిని నేలకు ఎరువు చేస్తాయి, మట్టిని గుల్ల చేస్తాయి. అడవిలో చెద లేకపోతే పడిన చెట్టు పడినట్టే ఉంటుంది. చెదకు ఎండిన చెట్టుకూ, మన గుమ్మానికీ తేడా తెలియదు. దాని లెక్కలో రెండూ చచ్చిన కర్రే.

చెదలు గుంపుగా బతుకుతాయి. ఆ గుంపులో ఎవరి పని వారిది. రాణి, రాజు నేల లోపల ఒక గట్టి మట్టి గదిలో ఉంటాయి. రాణి పొట్ట ఉబ్బి వేలంత అవుతుంది. పుట్ట పెట్టే రకాల్లో రాణి రోజుకు వేల గుడ్లు పెడుతుంది. సైనిక చెదలకు తల పెద్దది, కోరలు గట్టివి. చీమలు దాడికి వస్తే అడ్డం నిలబడేవి ఇవే. కార్మిక చెదలు తెల్లగా, మెత్తగా ఉంటాయి, వాటికి కళ్ళు కనపడవు. గూడు కట్టేదీ, మేత తెచ్చేదీ, పిల్లలకు, రాణికి, సైనికులకు తినిపించేదీ కార్మికులే. మన గుమ్మాన్ని తినేదీ ఈ గుడ్డి కార్మికులే.

కర్రలోనూ, కాగితంలోనూ, గోనెసంచిలోనూ, నూలు గుడ్డలోనూ ఉండేది సెల్యులోజు అనే పదార్థం. దాన్ని అరిగించుకునే శక్తి మనకు లేదు. చెద కడుపులో ఉండే సూక్ష్మజీవులు దానికి ఆ పని చేసిపెడతాయి. కొన్ని రకాలు మరో ఉపాయం కనిపెట్టాయి. తిన్న పుల్లల పిప్పితో పుట్ట లోపల మెత్తని దిమ్మెలు కట్టి, వాటిమీద ఒక రకం బూజును పెంచి, దాన్ని తింటాయి. అంటే చెద కూడా వ్యవసాయం చేస్తుందన్నమాట. వానాకాలంలో ఆ బూజే పుట్ట మీద గొడుగులా లేస్తుంది. పుట్టగొడుగు అనే పేరు మనవాళ్ళు ఊరికే పెట్టలేదు.

ఉసిళ్ళు చెప్పే కబురు

తొలకరి వాన పడిన సాయంత్రం హాస్టల్లో ట్యూబులైటు చుట్టూ రెక్కల పురుగులు మూగుతాయి. చదువుకోనివ్వవు, అన్నంలో పడతాయి. అవే ఉసిళ్ళు. కొన్ని ప్రాంతాల్లో వీటిని పట్టి వేయించుకుని తింటారు కూడా. ఈ ఉసిళ్ళు చెదల్లోని పెళ్ళీడు పిల్లలు. కొత్త కాపురం పెట్టడానికి పుట్ట వదిలి ఎగిరి వస్తాయి. దీపం చుట్టూ తిరిగి, కింద పడి, రెక్కలు రాల్చుకుని, జంటగా మట్టిలోకి దూరతాయి. చాలావాటిని కప్పలు, బల్లులు, కాకులు తినేస్తాయి. మిగిలిన జంటల్లో ఒక్కటి నిలిచినా అక్కడ కొత్త గూడు మొదలైనట్టే.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఒక గూడు ఉసిళ్ళను పంపడానికి సాధారణంగా కొన్ని ఏళ్ళు పడుతుంది. ఉసిళ్ళు బయటినుంచి కిటికీలోకి వస్తే మామూలు సంగతి. అవే ఇంటి గచ్చు పగులులోంచో, గుమ్మం మొదట్లోంచో పుట్టుకొస్తుంటే మాత్రం ఇంటి కింద పాత కాపురమే ఉందని అర్థం. ఆ రోజే పని మొదలుపెట్టాలి.

రెక్కల చీమను చూసి ఉసిరి పురుగని పొరబడకుండా గుర్తు పెట్టుకోండి. ఉసిరెక్కలు నాలుగూ ఒకే పొడవు. రెక్కల చీమకు ముందు రెక్కలు పొడుగు, వెనకవి పొట్టి. చీమకు నడుం సన్నగా పురి పెట్టినట్టు ఉంటుంది. ఉసిలికి తల నుంచి తోక దాకా ఒకే లావు.

దొంగ దారి

చెద ఒళ్ళు మెత్తన. ఎండ తగిలినా, పొడి గాలి తగిలినా ఆరిపోయి చస్తుంది. బయటికొస్తే చీమ తింటుంది. అందుకని నేలలోని గూటి నుంచి మన ఇంట్లోని కర్ర దాకా మట్టి, లాలాజలం, పేడ కలిపి సన్నని గొట్టం కట్టుకుంటుంది. పెన్సిలు మందాన గోడ మీద పాకిన మట్టి చారలు మీరు చూసే ఉంటారు. అది మట్టి మరక కాదు, రహదారి. ఆ గొట్టంలో రాత్రీ పగలూ రాకపోకలు సాగుతుంటాయి.

దీన్నిబట్టి ఇంటికి చెద పట్టాలంటే మూడు ఉండాలి. ఒకటి, గూటి నుంచి దారి. రెండు, తడి. మూడు, మేత. మూడింటిలో ఏ ఒక్కటి తెంచినా చెద నిలవలేదు. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ మూడు మాటలు గుర్తుంచుకోండి. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ మూడింటిలోంచి వచ్చినవే.

మన మూడు ఊళ్ళ నేల

తెనాలి, బాపట్ల, రేపల్లె దగ్గరదగ్గర ఊళ్ళే అయినా మూడింటి నేల ఒకటి కాదు. చెద వచ్చే తీరూ ఒకటి కాదు.

తెనాలి చుట్టూ ఉన్నది కాలువల కింద పండే బరువు నేల. నీరు నిలిచే వరిమడిలో చెద గూడు నిలవదు. గట్టు మీదా, చెట్టు మొదట్లోనూ, ఇంటి స్థలంలోనూ నిలుస్తుంది. నల్లమట్టికి ఒక గుణముంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలిస్తుంది. ఆ ఉబ్బూ ముడుపుల మధ్య పునాది కదిలి గచ్చు బీట వారుతుంది, గోడ పగులుతుంది. ఒక మిల్లీమీటరు కన్నా సన్నని పగులు చాలు, చెదకు వీధి తలుపు తెరిచినట్టే. పాత పెంకుటిళ్ళ వాసాలూ, ధాన్యం గోదాముల్లో నేలమీద వేసిన గోనెసంచులూ దానికి సిద్ధంగా ఉన్న మేత.

బాపట్ల వైపు సముద్రం దగ్గరయ్యేకొద్దీ ఇసుక నేల. పైన పొడిగా కనిపించినా కొద్ది లోతున చెమ్మ ఉంటుంది. తవ్వడం తేలిక. తాడిచెట్లు, సరుగుడు తోటలు, జీడిమామిడి తోటలు ఉన్న చోటు కాబట్టి రాలిన కొమ్మలకు, కొట్టిన మోడులకు కొదవ లేదు. ఈ నేలల్లో వేరుశనగ వేసే రైతుకు చెద పాత శత్రువు. వేరును, కాయను నేలలోనే తొలిచేస్తుంది. సరుగుడు లేత మొక్కల్నీ వదలదు. తాటాకు పాక వేసుకున్నవాళ్ళకు నిట్రాడు మొదలు ఎన్నేళ్ళకు చెద పడుతుందో అనుభవం మీద తెలుసు.

రేపల్లె కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి దగ్గర. భూమిలో నీరు పైపైనే ఉంటుంది. పల్లపు ఉప్పు నేలలో పుట్టలు తక్కువ. ఇళ్ళు మాత్రం మెరక తోలిన చోట కడతాం. ఆ మెరక మట్టిలో చెట్ల వేళ్ళు, గడ్డి, పాత కర్రముక్కలు కలిసి వస్తే పునాది కిందే చెదకు విందు పెట్టినట్టు. పైగా వరదలు, తుఫానులు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు వచ్చినప్పుడు నది పక్క ఊళ్ళు, లంకలు నీట మునిగాయి. నీరు తీశాక గోడలు నెలల తరబడి చెమ్మగా ఉంటాయి. తడిసిన తలుపులు, విరిగిన కొమ్మలు ఇంటి పక్కనే పడి ఉంటాయి. తడీ, మేతా రెండూ ఒకేసారి అమరుతాయి. అందుకే వరద తర్వాత బురద ఎత్తిపోయడంతో పని అయిపోయిందనుకోకూడదు. చెత్త కర్రను దూరంగా చేర్చి, తలుపులు కిటికీలు తెరిచి గోడల్ని బాగా ఆరనివ్వాలి. ఆ తర్వాత ఏడాది పాటు ఒక కన్ను వేసి ఉంచాలి.

పక్కా ఇల్లు కదా, మనకెందుకు?

చాలామంది ఇలాగే అనుకుంటారు. తాటాకు ఇంటికి పట్టే చెద డాబాకు ఎలా పడుతుందని అడుగుతారు. చెద సిమెంటును తినదు, నిజమే. కానీ సిమెంటు గోడ దానికి అడ్డం కాదు, నిచ్చెన. గచ్చుకూ గోడకూ మధ్య అతుకులోంచి, కరెంటు పైపు పక్కనుంచి, గుమ్మం కాళ్ళు నేలలో దిగిన చోటునుంచి పైకి పాకుతుంది. రెండో అంతస్తుకూ ఎక్కుతుంది. అక్కడ గుమ్మం, కిటికీ చట్రం, చవక ప్లైవుడ్డు బీరువా, పుస్తకాల అర, అటక మీది అట్టపెట్టెలు దొరుకుతాయి. డాబా ఇల్లు కూలదు, అది వేరే సంగతి. గుమ్మాలు, తలుపులు మార్చడానికి మళ్ళీ అప్పు చెయ్యాలి. పెంకుటిల్లూ, పాకా అయితే దూలం, నిట్రాడు గుల్లయి గాలివానకు కూలే ప్రమాదం ఉంది. అక్కడ నష్టం డబ్బుతో పోదు.

ఎలా కనిపెట్టాలి?

నెలకొక ఆదివారం పావుగంట కేటాయిస్తే చాలు. ఒక టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవరు తీసుకోండి.

మొదట ఇంటి చుట్టూ తిరిగి గోడ అడుగు భాగం చూడండి. మట్టి చారలు ఉన్నాయేమో గమనించండి. మెట్ల కింద, స్నానాల గది వెనక, కుళాయి దగ్గర, ఎండ పడని మూలల్లో మరీ జాగ్రత్తగా చూడాలి.

రెండోది, గుమ్మాల కాళ్ళు, కిటికీ అడుగు చట్రం స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. చేవ కర్ర ఖణేల్ మంటుంది. గుల్లయింది డొల్ల చప్పుడు చేస్తుంది. రంగు పొంగినట్టు, ముడత పడినట్టు ఉన్న చోట మొనతో నొక్కి చూడండి.

మూడోది, బీరువాలు, పెట్టెలు గోడ నుంచి జరిపి వెనక్కి చూడండి. క్యాలెండరు, ఫోటో పటం వెనక కూడా చూడాలి. చెద అక్కడే దాక్కుంటుంది.

నాలుగోది, కిటికీ దగ్గర, దీపం కింద రాలిన రెక్కల కుప్పలు.

మట్టి చార కనిపిస్తే కంగారుగా మొత్తం దులపవద్దు. మధ్యలో వేలెడు ముక్క విరిచి వదిలెయ్యండి. రెండు మూడు రోజుల తర్వాత ఆ ముక్క మళ్ళీ తడిమట్టితో పూడి ఉంటే గూడు బతికే ఉంది, దారి నడుస్తోంది. పూడకపోతే అది పాత దారి కావచ్చు, అయినా మరికొన్నాళ్ళు చూస్తూ ఉండాలి. వెదురు బొంగుకింద సన్నని పిండి రాలుతుంటే మాత్రం అది చెద పని కాదు, పుచ్చు పురుగు పని. దాని వైద్యం వేరు.

ఇల్లు కట్టేటప్పుడే

చెదకు మందు పునాదిలోనే వెయ్యాలి. కట్టాక చేసే ఖర్చుతో పోలిస్తే కట్టేటప్పుడు చేసేది చాలా తక్కువ. భారతీయ ప్రమాణాల సంస్థ దీనికోసం ఐ.ఎస్. 6313 అనే ప్రమాణం ఇచ్చింది. అందులో మూడు భాగాలున్నాయి. కట్టుబడిలో తీసుకోవలసిన జాగ్రత్తలు ఒకటి, కట్టకముందు మట్టికి మందు పోయడం రెండు, కట్టిన ఇంటికి చికిత్స మూడు.

ఆ ప్రమాణం ప్రకారం పునాది గుంటల్లోనూ, గచ్చు వెయ్యబోయే ముందు నింపిన మట్టి మీదా చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున మందు నీళ్ళు తడపాలి. లెక్క మీరే వేసుకోవచ్చు. 30 చదరపు మీటర్ల ఇంటికి గచ్చు కింద మట్టికే 150 లీటర్లు కావాలి. మేస్త్రీ ఒక సీసా మందు తెచ్చి బకెట్టు నీళ్ళలో కలిపి చల్లి అయిపోయిందంటే, అవ్వలేదని మీకు తెలియాలి.

మందు లేకుండా చేసుకోగల పనులు అంతకన్నా ముఖ్యం. పునాది నింపే మట్టిలో వేళ్ళు, మోడులు, గడ్డి ఏరిపారెయ్యాలి. సెంట్రింగు చెక్కలు, మేకుల పుల్లలు గచ్చు కింద పూడ్చెయ్యకూడదు. గుమ్మం కాళ్ళు మట్టిలో పాతకుండా కాంక్రీటు మీద నిలపాలి. గోడలోకి పోయే వైపు గుమ్మానికి ముందే తారు గానీ, కర్రకు పూసే మందు గానీ పట్టించాలి. ఇంటి చుట్టూ రెండడుగుల వెడల్పున సిమెంటు గచ్చు చేసి, నీరు బయటికి జారేట్టు వాలు పెడితే గోడ అడుగు పొడిగా ఉంటుంది. చెద పైకి పాకినా కంటికి కనబడుతుంది.

కర్ర ఎంచుకునేటప్పుడు చేవ చూడండి. టేకు చేవను చెద తేలిగ్గా ముట్టదు. అదే టేకులో పైనుండే తెల్ల కర్రను తినేస్తుంది. ముదురు తాడి చేవకు ఉన్న బలం లేత తాడికి లేదు. వేప కొంత నయం. మామిడి, బూరుగు లాంటి మెత్తని కర్రలు నేలకు దగ్గరగా వాడకూడదు. డబ్బు చాలకపోతే కాంక్రీటు లేదా ఇనుప గుమ్మాలు పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

కట్టిన ఇంటికి పడితే

పట్టిన చెదను వదిలించడం ఓపిక పని. గోడ మీది మట్టి దారి దులిపితే దారి పోతుంది, గూడు పోదు. అలాగే పుట్ట పైభాగం కూలగొడితే రెండు రోజుల్లో మళ్ళీ లేస్తుంది. రాణి లోపల క్షేమంగా ఉంటుంది.

మనవాళ్ళు ఎక్కువగా చేసేది కిరోసిన్ పొయ్యడం. అది తగిలిన పురుగులు చస్తాయి. మిగిలినవి ఆ వాసన తప్పించుకుని పక్క పగులు వెతుక్కుంటాయి. పైగా ఇంట్లో కిరోసిన్ తడిసిన కర్ర నిప్పుకు దగ్గర. కలరా ఉండలు బట్టల పురుగుకు పనికొస్తాయేమో గానీ నేలలోంచి వచ్చే చెదకు అడ్డం కావు. జీడిపిక్కల పెంకు నుంచి తీసే జీడి నూనె కర్రకు మంచి కాపు. బాపట్ల, వేటపాలెం వైపు జీడి ఉంది కాబట్టి దొరుకుతుంది. అయితే అది చర్మానికి తగిలితే కాలి పుండు పడుతుంది. చేతి తొడుగులు లేకుండా ముట్టకూడదు. పిల్లలకు అప్పగించకూడదు.

చెద గట్టిగా పట్టిన ఇంటికి తెలిసినవాళ్ళ చేత మందు పెట్టించాలి. గచ్చు, గోడ కలిసే చోట అడుగుకొకటి చొప్పున సన్నని రంధ్రాలు వేసి, లోపలి మట్టిలోకి మందు పంపి, సిమెంటుతో మూసేస్తారు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందుల వాసనను చెదలు పసికట్టలేవు. ఆ మట్టిలో తిరిగిన చెద వెంటనే చావదు, గూటికి వెళ్ళి మిగతావాటికి అంటిస్తుంది. అందుకే రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి.

విషం విషమేనని మరచిపోకూడదు. ఒకప్పుడు ఇళ్ళ కింద ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ పోసేవారు. అవి ఏళ్ళ తరబడి నేలలో ఉండిపోయి మనుషుల ఒంట్లోకి చేరుతున్నాయని తెలిశాక, 2001లో కుదిరిన స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందంలో వాటిని వదిలించుకోవలసిన మందుల జాబితాలో పెట్టారు. మన ఊళ్ళల్లో గమాక్సిన్ అని చల్లే బి.హెచ్.సి. పొడిని మన దేశంలో 1997లోనే నిషేధించారు. చాలాకాలంగా చెదకు ఎక్కువగా వాడుతున్న క్లోర్‌పైరిఫాస్ కూడా 2025లో కొన్ని మినహాయింపులతో ఆ జాబితాకెక్కింది. కాబట్టి పొలానికి తెచ్చి మిగిలిన మందును ఇంట్లో చల్లడం, అన్నం వండే చోట పొడి జల్లడం ప్రమాదం. మన డెల్టాలో నీళ్ళు పైపైనే ఉంటాయి. బావికీ, చేతిపంపుకూ దగ్గరగా నేలలో మందు పోస్తే అది మన బిందెలోకే వస్తుంది. ఈ సంగతి మందు పెట్టేవాడికి ముందే చెప్పాలి. పసిపిల్లల్ని, గర్భిణుల్ని ఆ పూట ఇంట్లో ఉంచకూడదు.

కాగితాల సంగతి

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే దారిలో భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ అనే అధికారి అక్కడి స్తూపాన్ని తవ్విస్తే రాతి భరిణెలు దొరికాయి. వాటి మీది అక్షరాలు రెండు వేల ఏళ్ళు దాటినా చదవడానికి వీలుగా ఉన్నాయి. అవి రాతి మీద ఉన్నాయి కనుక మిగిలాయి. తాటాకు మీద రాసినవి ఎవరో ఒకరు మళ్ళీ మళ్ళీ ఎత్తి రాసుకుంటేనే మిగిలాయి. లేనివి చెదలకు, చెమ్మకు పోయాయి. మన సర్టిఫికెట్లు రాతి మీద లేవు. కనుక ఎత్తి రాసుకునే పని మనమే చెయ్యాలి.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ కింది పనులు ఈ వారమే చెయ్యండి.

ట్రంకు పెట్టెను నేలమీద పెట్టవద్దు. నాలుగు ఇటుకల మీద పెట్టి, గోడకు జానెడు దూరం జరపండి. అప్పుడు చెద రావాలన్నా ఇటుక మీదుగా దారి కట్టాలి, మీ కంట పడుతుంది. పెట్టె అడుగున తుప్పు పట్టి చిల్లు పడిందేమో చూసుకోండి. చెద అందులోంచే దూరుతుంది. అడుగున పాత న్యూస్ పేపరు పరిచే అలవాటు మానండి. అది మనం కోరి వేసిన మేత. పుస్తకాల అట్టపెట్టెలు మంచం కింద నేలమీద ఉంచకండి. నెలకొకసారి పెట్టె ఖాళీ చేసి ఎండలో పెట్టండి. తడి తువ్వాలు, ఉతికి ఆరని బట్టలు పెట్టెలో వెయ్యకండి.

సర్టిఫికెట్లు మూడు జిరాక్సులు తీయించి ఒకటి ఇంటి దగ్గర, ఒకటి హాస్టల్లో, ఒకటి నమ్మకమైన బంధువుల దగ్గర ఉంచండి. అసలువి మూతగల డబ్బాలో, గోడకు ఆనని ఎత్తైన చోట పెట్టాలి. 2015 నుంచి ఉన్న డిజిలాకర్లో దొరికే పత్రాలు తెరిచి చూసుకోండి. ఇంటి పట్టాకూ, పాసుపుస్తకానికీ ఫోనుతో ఫోటో తీసి, మీ పేరు మీది మెయిలులో దాచండి. అమ్మానాన్నలకు ఇది మీరే చేసిపెట్టాలి.

పదో తరగతి మెమో చెదకు పోతే నిరాశ పడనక్కర్లేదు. చదివిన స్కూలు హెడ్మాస్టరు గారి ద్వారా ప్రభుత్వ పరీక్షల డైరెక్టరు కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకుంటే నకలు వస్తుంది. తిరుగుడు ఉంటుంది, కాలం పడుతుంది. కౌన్సెలింగు ముందు రోజు ఈ సంగతి బయటపడితే మాత్రం ఏడవడం తప్ప చేసేదేమీ ఉండదు. అందుకే ముందే చూసుకోవాలి.

ఇంట్లో డబ్బు ఉంటే బ్యాంకులో వేయించండి. నోట్లు చెద కొట్టినా పారెయ్యవద్దు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 50 రూపాయలు, ఆ పై నోట్లలో మిగిలిన ఒకే పెద్ద ముక్క నోటులో 80 శాతం కన్నా ఎక్కువ ఉంటే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం దాకా ఉంటే సగం విలువ బ్యాంకులో ఇస్తారు. అంతకన్నా తక్కువ ఉంటే ఏమీ రాదు. 20 రూపాయలు, అంతకన్నా చిన్న నోట్లయితే సగానికి మించి మిగిలి ఉంటే పూర్తి విలువ ఇస్తారు.

చివరి మాట

దారి, తడి, మేత. ఈ మూడింటినీ తెంచడానికి పెద్ద చదువు అక్కర్లేదు, పెద్ద డబ్బూ అక్కర్లేదు. కారే కుళాయికి వాషరు మార్చడం, గోడకు ఆనించిన కంపా, పిడకలూ, గడ్డివామీ నాలుగడుగులు అవతలికి జరపడం, బీటకు కాస్త సిమెంటు పూయడం, నెలకొకసారి టార్చిలైటు పట్టుకుని తిరగడం, ఇంతే. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంటి గుమ్మం కాళ్ళు ఒకసారి తట్టి చూడండి. అమ్మమ్మా తాతయ్యల ఇల్లు, పక్కింటి ముసలమ్మ పాక కూడా చూడండి. చూపు ఆనని పెద్దవాళ్ళకు గోడ మీది మట్టి చార కనబడదు, మీకు కనబడుతుంది. చదువుకున్న పిల్లలు ఇంటికి చెయ్యగల ఉపకారాల్లో ఇదొకటి.